అడుసు తొక్కిన కాళ్ళు

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటారు మనవాళ్ళు. అక్కర్లేని పనిలో దిగి తర్వాత నాలిక కరుచుకునే వాళ్ళ గురించి చెప్పే సామెత. దీన్ని పుట్టించినవాళ్ళెవరో గాని, వాళ్ళు జన్మలో గోడ పెట్టి ఉండరని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. అడుసు తొక్కకుండా మన ఊళ్ళలో పాత ఇల్లు ఒక్కటైనా లేచిందా? తొక్కిన కాళ్ళు ఒకరివి. ఆ ఇంటి అరుగు మీద కాళ్ళు కడుక్కుని కూర్చుని సామెతలు చెప్పిన నోళ్ళు ఇంకొకరివి.

2022 చివర్లో, జనగామ దగ్గరి మా ఊళ్ళో మట్టీ గడ్డీ కలిపి ఒక చిన్న ఇల్లు కట్టుకుంటానని చెప్పినప్పుడు అమ్మ ముందు నవ్వింది. వేళాకోళం కాదని అర్థమయ్యాక ఆమె ముఖం మారిపోయింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా? ఆ మట్టిండ్లకెళ్ళి బయటవడెతందుకు నాకు పదిహేనేండ్లు వట్టింది. ఇన్ని సదువులు సదివి నువ్వు మల్ల అండ్లకే పోతనంటవా?"

నా దగ్గర జవాబులు బోలెడు సిద్ధంగా ఉన్నాయి. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదేనని చెప్పాను. స్లాబు పగలంతా ఎండని తాగి రాత్రంతా మన మీదకే వదులుతుందనీ, అడుగున్నర మందం మట్టిగోడ లోపలికి ఆ వేడిని అంత తొందరగా రానివ్వదనీ చెప్పాను. ఇల్లు కూలినా ఆ మట్టి మళ్ళీ మట్టిగానే పనికొస్తుందన్నాను. అమ్మ అంతా విన్నది. విని ఒకే మాట అడిగింది.

"అదంత మంచిగనే ఉన్నది. ఎవలు అలుకుతరు?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఇల్లు ఎలా కట్టానో కూడా చెబుతాను గాని, ఆ ప్రశ్నకి జవాబు దొరికే వరకు కట్టడం పూర్తయినట్టు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మ 1984లో పెళ్ళయి ఈ ఊరికి వచ్చింది. అప్పటి ఇల్లు మట్టిగోడలు, గూన పెంకులు. తెల్లారకముందే వాకిట్లో సాన్పు చల్లి ముగ్గేయడంతో ఆమె రోజు మొదలయ్యేది. వారానికోసారి ఇల్లంతా పెండతో అలకాలి. పెండ, ఎర్రమన్ను, నీళ్ళు సరైన పాళ్ళలో కలిపి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ అరచేత్తో అర్ధచంద్రాల్లా తిప్పుతూ గుమ్మం దాకా రావాలి. మధ్యలో ఎవరైనా అడుగు పెడితే మళ్ళీ మొదలు. వానాకాలం వెళ్ళాక గోడల పెచ్చులు, ఎలుక బొక్కలు, చెదలు. దసరాకి ముందు గోడలన్నిటికీ పూత, అడుగున జాజు, పైన సున్నం. 1999లో నాన్న స్లాబు వేయించిన రోజు అమ్మ ఆ నున్నటి గచ్చు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చుందట. ఆ రోజు నుంచి పెండ ముట్టలేదని ఇప్పటికీ చెబుతుంది. ఆమె మోకాళ్ళు మాత్రం అప్పటికే అరిగిపోయాయి.

నా డాక్టరేట్ పరిశోధన తెలుగు స్త్రీల కథల్లో ఇల్లు అనే అంశం మీద. మూడు వందల పేజీలు రాశాను. ఇల్లంటే బందిఖానా అని, భద్రత అని, జ్ఞాపకం అని, అస్తిత్వమని రకరకాలుగా విశ్లేషించాను. ఆ పేజీల్లో ఎక్కడా గోడ దేంతో కట్టారో, నేల ఎవరు అలికారో నేను అడగలేదని అమ్మ ప్రశ్న విన్నాకే గమనించాను. నాకు ఇల్లు ఒక ప్రతీక. అమ్మకది ఒక పని. ప్రతీకలకి మోకాళ్ళ నొప్పులుండవు కదా!

ఇప్పుడు మట్టి ఇల్లు ఫ్యాషన్ అయింది. హైదరాబాదు చుట్టుపక్కల వారాంతపు విడిదుల్లో మట్టి గదులు వెలిశాయి. రెండు రాత్రులు పడుకుని, "ఎంత చల్లగా ఉందో, మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్ళో" అని మెచ్చుకుని వస్తాం. ఆ మెచ్చుకోలులో పూర్వీకుడు కనిపిస్తాడు గాని పూర్వీకురాలు కనిపించదు. గోడ ఒకసారి లేస్తుంది. కట్టినవాడికి పేరొస్తుంది. దాన్ని ఏడాదికేడాది నిలబెట్టే పని మాత్రం పని కిందకే రాదు. మన మాటలు కూడా చూడండి. పక్కా ఇల్లు, కచ్చా ఇల్లు అంటాం. పక్కా అంటే వండినది, పండినది. కచ్చా అంటే పచ్చిది. పచ్చిదాన్ని రోజూ వండుతూ ఉండాల్సింది ఎవరో ఆ మాటలోనే ఉంది.

అయినా నేను కట్టాలనే అనుకున్నాను. మొండితనం కొంత. నాన్న నా పేర రాసిన రెండు గుంటల జాగా కొంత. ఆ జాగా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా అన్నది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదన్నది. అమ్మ ఏడాది తేడాతో తప్పిపోయింది. దేశమంతటికీ వర్తించే సవరణ 2005లో వచ్చేసరికి ఆమె పుట్టింటి భూమి అన్నదమ్ములు పంచుకుని చాలా కాలమైంది. అందుకే నా పేర కాగితం వచ్చిన రోజు నాకంటే ఆమే ఎక్కువ సంతోషించింది. ఆ జాగాలో స్లాబు వేసుకుంటానంటే ఆమె సంబరానికి అంతు ఉండేది కాదు. నేనేమో ఆమె వదిలించుకున్నదాన్నే తెచ్చి అక్కడ పెడతానన్నాను.

చివరికి మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. గోడలు మట్టివి, నేల మాత్రం కాదు. నేలకి షాబాదు బండలు పరవాలి, తుడిస్తే పోవాలి. చూరు బయటికి మూడడుగులు రావాలి. అడుగున రెండడుగుల రాతి పునాది గోడ ఉండాలి, చూరు నీళ్ళు చింది మట్టిని తాకకూడదు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో ఇలా మట్టీ గడ్డీ కలిపి కట్టిన ఇళ్ళు వందల ఏళ్ళుగా నిలిచి ఉన్నాయి. మట్టిగోడకి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని అక్కడివాళ్ళ మాట. అమ్మ ఆ మాట ఎన్నడూ విని ఉండదు. పదిహేనేళ్ళు గోడలకి మాసికలు వేసిన అనుభవంతో అదే సంగతి తనంతట తాను చెప్పింది.

2023 సంక్రాంతి వెళ్ళాక పని మొదలైంది. పదహారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న ఒక గది, ముందు అరుగు. తలుపులూ కిటికీలూ పోను గోడలకి సుమారు 650 ఘనపుటడుగుల ముద్ద కావాలని లెక్క వేశాను.

మట్టి దగ్గరే మొదటి పాఠం. మా చేలో సగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, గోడకి పనికిరాదు. చెలకలోని ఎర్రమట్టి కావాలి. నేను పుస్తకంలో చదివినట్టు గాజుసీసాలో సగం మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి పెట్టాను. ఇసుక నిమిషాల్లో అడుగున చేరింది, దాని మీద ఒండు, మర్నాటికి పైన సన్నటి బంకమట్టి పొర. స్కేలు పెట్టి కొలుచుకుంటుంటే, పనికొచ్చిన ఒక వడ్డెర పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. చిటికెడు మట్టి తీసి పంటి కింద నలిపి ఉమ్మేసింది. గుప్పెడు తడిపి వేలంత వత్తి చేసి గాల్లో వేలాడదీసింది. అది జానెడు సాగి తెగింది.

"బంక ఎక్కువున్నది. గిట్లనే పెడితె పగుల్తది. ఇసుక కలుపు," అంది.

నా సీసా కూడా అదే చెప్పింది, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా. ఆ రోజు నుంచి నేనామెను పెద్దమ్మా అని పిలిచాను.

బంకమట్టి అంటుకునేందుకు, ఇసుక పగలకుండా నిలిచేందుకు, గడ్డి గుంజిపట్టి ఉంచేందుకు. సిద్ధాంతం ఇంతే. బంకమట్టి కంటే ఇసుక మూడు నాలుగు రెట్లు ఉండాలి. మట్టిని రాత్రే నానబెట్టుకోవాలి. పాతకాలంలో గుంత తీసి అందులో రోజుల తరబడి నానబెట్టి తొక్కేవాళ్ళట. మేము బెకీ బీ అనే అమెరికన్ స్త్రీ 1997లో రాసిన చేతిపుస్తకం చూసి టార్పాలిన్ పట్టా మీద తొక్కాం. నలుగురు నిలబడి ఉత్త కాళ్ళతో తొక్కుతారు. ముద్ద పలచబడి పరుచుకోగానే పట్టా ఒక అంచు పట్టి లాగితే అది చుట్టుకుని మళ్ళీ కుప్పవుతుంది. కాస్త బిగుసుకున్నాక వరిగడ్డి చల్లి మళ్ళీ తొక్కాలి. పెద్దమ్మకి ఈ పట్టా ఉపాయం భలే నచ్చింది. "గిది ముందుగాల ఎరకుంటె మా నడుములు మిగులు," అంది.

ముద్దల్ని గోడ మీద పెట్టి, అంచులు కాళ్ళతో చేతులతో నొక్కి, కిందటి వరసలోకి బొటనవేలు దూర్చి కుట్టినట్టు కలపాలి. రోజుకి ఒక వరస, అడుగు ఎత్తుకి మించకుండా. అది ఆరి గట్టిపడ్డాకే పైవరస. నిలువు చూసుకుంటూ, ఉబ్బిన చోట పారతో చెక్కుకుంటూ పోవాలి. ఇదంతా చేసింది నలుగురు స్త్రీలు, సెలవు దొరికిన రోజుల్లో నేను. మేస్త్రి పునాది రాయి పెట్టాడు, ద్వారబంధాలు నిలబెట్టాడు, పెంకుల కోసం కప్పు లేపాడు. ఆ పనిలో అతను నేర్పరి. కానీ మట్టిగోడ అతనికి కొత్త. నిలువులో వంకర వస్తే అతను కూడా పెద్దమ్మనే అడిగేవాడు.

మరి మేస్త్రి ఎవరు?

ఊళ్ళో రేటు ప్రకారం అతనికి రోజుకి తొమ్మిది వందలు, ఆడవాళ్ళకి నాలుగు వందల యాభై. పది రోజులు నేనూ అలాగే ఇచ్చాను. స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పత్రాలు చదివిన దాన్ని! పదకొండో రోజు, గోడ పెట్టేవాళ్ళందరికీ తొమ్మిది వందలే అని చెప్పాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మేస్త్రి మూడు రోజులు పనికి రాలేదు. పక్క చేను పెద్దమనిషి వచ్చి, "మీరు నాలుగు దినాలు ఉండి పోతరు, మాకు కూలి రేట్లు ఖరాబ్ జేస్తున్నరు" అని మందలించాడు. అది నేను ఊహించిందే. నేను ఊహించనిది పెద్దమ్మ మాట.

"ఇయ్యి బిడ్డా, వద్దనను. కని నువ్వు పోయినంక మాకు గీ ఊల్లెనే పని గావాలె. గా మాట గుడ యాది పెట్టుకో."

న్యాయం చేశామన్న తృప్తి మనది, దాని పర్యవసానం వాళ్ళది. దీనికి నా దగ్గర సుఖమైన పరిష్కారం ఏమీ లేదు. వాళ్ళతోనే మాట్లాడుకుని, గోడపెట్టుడు పనిని రోజుకూలి లెక్కన కాకుండా వరసల లెక్కన గుత్తకి ఇచ్చాను. నలుగురూ కలిసి పంచుకుంటే మనిషికి దాదాపు అంతే వచ్చింది. గుత్తకి ఇస్తే రేటు చెడిందని ఎవరూ అనలేకపోయారు. ఈ ఉపాయం కూడా పెద్దమ్మదే.

పుస్తకం సంగతి దీనికంటే సిగ్గుపడాల్సింది. ఖర్చు రాసుకోవడానికి నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఒక రోజు బడి సెలవని పెద్దమ్మ మనవరాలు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. నీడలో కూర్చుని ఆ పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. మేస్త్రి పేరు, వడ్రంగి పేరు, ట్రాక్టరు డ్రైవరు పేరు, ఇసుక తెచ్చినాయన పేరు. తర్వాత "ఆడకూలీలు - 4" అని చదివి ఆగి, "మేడం, మా నాయనమ్మ పేరేది?" అని అడిగింది.

మొదటి పేజీ నుంచి తిరగేసి చూశాను. ఇరవై రోజుల లెక్కలో ప్రతి రోజూ అదే మాట. ఆడకూలీలు - 4. మగవాళ్ళ పేర్లు రాయాలని నేను ప్రత్యేకంగా అనుకోలేదు, ఆడవాళ్ళవి రాయకూడదనీ అనుకోలేదు. చెయ్యి దానంతటదే అలా రాసింది. ఎన్ని పుస్తకాలు చదివినా చేతికి అలవాటైంది చేతిలోనే ఉంటుందేమో.

పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథలో ఇల్లు అలికీ అలికీ ఒక గృహిణి తన పేరు మరిచిపోతుంది. ఆ కథని నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను, నా సిద్ధాంత వ్యాసంలో దాని గురించి ఒక అధ్యాయమే ఉంది. అలికిన మనిషి పేరు మరిచిపోవడం గురించి అంత రాసిన నేను, గోడ పెట్టిన మనుషుల పేర్లు అడగకుండానే ఇరవై రోజులు గడిపాను. ఆ కథలోని ఆమె తన పేరు తాను మరిచిపోయింది. ఇక్కడ మరిచిపోయింది ఆమె కాదు, నేను.

ఆ రోజు సాయంత్రం పాత పేజీలన్నీ మళ్ళీ రాశాను, నాలుగు పేర్లతో. పెద్దమ్మ పేరు ఎదురుగా "మేస్త్రి" అని రాశాను. ఈ వ్యాసంలోనూ రాస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "పత్రికల నా పేరెందుకు బిడ్డా? పుస్తకంల రాసినవు గద, సాలు," అంది. అందుకే ఇక్కడ ఆమె పెద్దమ్మగానే మిగిలింది.

ఆ మాటల్లోనే ఇంకో సంగతీ బయటపడింది. అమ్మ పదిహేనేళ్ళు అలికిన ఆ పాత ఇంటి గోడలకి మట్టి మోసింది పెద్దమ్మేనట, పదిహేనేళ్ళ వయసులో. "గోడలు లేసేదాక ఇల్లంత మాదే. ఎటు దిరిగినా అడిగెటోల్లు లేకుండిరి. లేసినంక అరుగు దాటలే," అని మామూలుగా చెప్పింది. అమ్మ అక్కడే ఉంది. ఏమీ అనలేదు. ఒకామె అలికీ అలికీ ఆ ఇంటి లోపల చిక్కుకుంది. ఇంకొకామె కట్టి బయట నిలబడింది. ఇద్దరి కాళ్ళకీ ఒకే మట్టి అంటింది. అయినా వాళ్ళిద్దరి కష్టాన్నీ స్త్రీల శ్రమ అనే ఒక్క మాటలో కలిపేయడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు.

మట్టి పని ఎక్కడైనా ఇలాగే పంచుకున్నారా అని ఆ వేసవిలో కొంత చదివాను. 1630లో బెనవీదెస్ అనే స్పానిష్ మతప్రచారకుడు తమ రాజుకు సమర్పించిన నివేదికలో, ఇప్పటి న్యూ మెక్సికో ప్రాంతపు ప్యూబ్లో తెగల్లో గోడలు కట్టేది స్త్రీలనీ, నేత మగవాళ్ళ పని అనీ రాశాడు. బలవంతంగా ఎవరైనా మగవాడికి గోడ పని చెబితే పారిపోయేవాడట, ఆడవాళ్ళు నవ్వేవారట. పశ్చిమాఫ్రికాలో మాలి దేశపు జెన్నే పట్టణంలో 1907లో కట్టిన పెద్ద మట్టి మసీదుకి ఏటా ఊరంతా కలిసి పూత వేస్తుంది. అక్కడ మగవాళ్ళు నిచ్చెనలెక్కి మట్టి పూస్తారు, ఆడపిల్లలు నది నుంచి నీళ్ళు మోస్తారు. దాని పొరుగున బుర్కినా ఫాసోలో, 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన తియేబెలె రాచవాడలో గోడలు కట్టేది మగవాళ్ళు, వాటి మీద పూతలూ చిత్రాలూ స్త్రీలవి. అంటే మట్టికి ఆడా మగా తేడా లేదు. ఏది నైపుణ్యం, ఏది చాకిరీ అన్నది ఎక్కడికక్కడ మనుషులు నిర్ణయించుకున్నదే. మన దేశంలోనే దీదీ కాంట్రాక్టర్ ఉన్నారు. 1929లో అమెరికాలో పుట్టి, ఆర్కిటెక్చర్ చదవకుండానే హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా లోయలో మట్టీ వెదురూ పలకరాయితో ఇళ్ళూ సంస్థల భవనాలూ కట్టి, 2021లో కన్నుమూశారు. డిగ్రీ లేకపోయినా ఆమె పేరు నిలిచింది. పెద్దమ్మకీ డిగ్రీ లేదు. మరి ఆమె పేరెందుకు నిలవదో ఆలోచించాలి.

మార్చిలో ఒక తప్పు చేశాను. సోమవారం కాలేజీకి వెళ్ళాలన్న తొందరలో ఆదివారం తూర్పుగోడకి రెండు వరసలు పెట్టించాను. పెద్దమ్మ వద్దంది, నేను వినలేదు. సాయంత్రానికి కింది వరస బానకడుపులా ఉబ్బి బయటికొచ్చింది. మూడు గజాల గోడని పారలతో కోసి కింద పడేశాం. "గోడకు తొందర లేదు బిడ్డా, నీకే ఉన్నది," అంది పెద్దమ్మ. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణలో అకాలంగా వడగళ్ళ వానలు పడ్డాయి కదా, పట్టాలు కప్పుతూ తీస్తూ పదిహేను రోజులు గడిచాయి. తడిసిన పైపొర ముద్దలు గీకి, మళ్ళీ తొక్కి, మళ్ళీ పెట్టాం. సిమెంటయితే పారేయాల్సిందే. మట్టి తప్పుల్ని క్షమిస్తుంది, అయితే మళ్ళీ తొక్కమంటుంది.

గోడలు పూర్తయ్యాక మేస్త్రి ఒక సలహా ఇచ్చాడు. "పైనుంచి సిమెంటు ప్లాస్టరు కొట్టేద్దాం మేడం. మళ్ళ మళ్ళ పూసే బాధ ఉండదు." నాకు క్షణంపాటు ఆశ పుట్టింది. ఎవరు అలుకుతారన్న ప్రశ్నే ఉండదు కదా! కానీ న్యూ మెక్సికోలోని రాంచోస్ దె తావోస్ అనే ఊళ్ళో జరిగింది చదివి ఉన్నాను. అక్కడి పాత మట్టి చర్చికి ఏటేటా పూసే బాధ తప్పించుకోవాలని 1967లో సిమెంటు పూత వేశారు. పగుళ్ళలోంచి దిగిన నీళ్ళు బయటికి ఆవిరయ్యే దారి లేక లోపలి మట్టి నానిపోయింది. 1979లో ఆ పూతంతా ఊడగొట్టి మళ్ళీ మట్టికే వచ్చారు. అప్పటి నుంచి ఏటా వేసవిలో ఊరివాళ్ళంతా, ఆడా మగా కలిసి పూస్తున్నారు. నాకు ఆ కథలో ముఖ్యమనిపించింది సిమెంటు కాదు, తర్వాత వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. పోషణ పనిని దాచిపెట్టి పైన గట్టి పూత వేస్తే గోడ లోపల్నుంచి చెడుతుంది. సంసారాలు కూడా అంతేనేమో!

మేము బయట సున్నం, ఇసుక పూత వేశాం, లోపల ఎర్రమన్ను మీద వెల్ల. మేలో బెంగుళూరు పెంకులు ఎక్కాయి. జూన్‌లో వానలు మొదలయ్యే నాటికి ఇల్లు నిలబడింది.

అప్పుడు రెండో నోటుపుస్తకం మొదలుపెట్టాను. కట్టడానికి ఎంతయిందో అందరూ అడుగుతారు, నిలబెట్టడానికి ఎంతవుతుందో ఎవరూ అడగరు. అందుకే అది రాస్తున్నాను. ఎవరు, ఏ రోజు, ఎంతసేపు, ఏ పని. మొదటి ఏడాది మొత్తం నలభై ఆరు గంటలు తేలింది. వాన వాలు గోడకి మాసికలు, కిటికీ కింద పగులు, రెండు ఎలుక బొక్కలు, దసరాకి ముందు వెల్ల. అందులో నావి ఇరవై ఆరు. డబ్బిచ్చి పెద్దమ్మతో చేయించినవి పద్నాలుగు. మా తమ్ముడివి ఆరు.

ఆ ఆరు గంటల వెనక పెద్ద యుద్ధమే జరిగింది. సెలవులకి వచ్చి అరుగు మీద చల్లగా పడుకుని "అక్కా, ఏసీ ఎందుకే దీని ముందు" అని మురిసిపోయేవాడు. గోడ పని అనగానే "నాకు రాదు" అనేవాడు. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? రాదన్న మాటే మగవాళ్ళకి ఎంత పెద్ద ఆస్తి! ఆ పేజీ తెరిచి వాడి పేరు ఎదురుగా ఖాళీ చూపించాను. చాలాసేపు గొణిగాడు. తర్వాత పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాడు, ఆమెకి గురుదక్షిణగా ఆ రోజు కూలీ కూడా ఇచ్చాడు.

అమ్మ మాత్రం ఒక్క గంట కూడా చేయలేదు. చేయకూడదన్నది నా పట్టుదల కూడా. ఆమె వాటా ఆమె ఎప్పుడో ముప్పై రెట్లు చెల్లించింది. వచ్చి బండల మీద చాప వేసుకుని పడుకునేది. చల్లగా ఉందని మాత్రం ఒప్పుకునేది కాదు.

2025 సంక్రాంతికి తమ్ముడూ నేనూ పడమటి గోడకి మాసికలు వేస్తున్నాం. పెద్దమ్మ ఆ రోజు పనికి కాదు, చుట్టపుచూపుగా వచ్చి ఇంటిలోపల, అమ్మ పక్కనే చాప మీద కూర్చుంది. అమ్మ కాసేపు కిటికీలోంచి మమ్మల్ని చూసింది. తమ్ముడు పూసిన చోట అంచులు లేచిపోతున్నాయి. తట్టుకోలేక లేచి బయటికొచ్చింది. వాడి చేతిలోంచి ముద్ద లాక్కుంది. పగులు తడిపి, బొటనవేలితో లోపలికి నొక్కి, అరచేత్తో అర్ధచంద్రంలా తిప్పింది. పాతికేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి తడబడలేదు. వద్దమ్మా అని నేను వారించబోతే నా వైపు చూడనుకూడా లేదు. ఆ పగులు, దాని పక్కది, కింద ఇంకొకటి పూర్తి చేసి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంటూ అంది:

"పుస్తకంల రాసుకో. పావుగంట."

రాశాను. పేరుతో సహా.